వ్యాను మూలుగు

ఇంట్లో ఏ వస్తువు చెడిపోబోతున్నా ముందుగా పసిగట్టేది ఆడవాళ్ళే. మిక్సీ గొంతు మారిందనీ, ఫ్యాను లయ తప్పిందనీ, కుక్కరు ఈల వేయడానికి ఆయాసపడుతోందనీ మనం చెబితే, "నీకన్నీ అనుమానాలే!" అని పేపరు వెనక తల దాచుకుంటారు మగవారు. వారం తిరక్కుండా ఆ వస్తువు కాస్తా చతికిలబడుతుంది. అప్పుడు మెకానిక్కుని పిలిచి, "బాగానే ఉండేదయ్యా, ఉన్నట్టుండి ఆగిపోయింది" అంటారు. ఉన్నట్టుండి ఆగిపోయే యంత్రాలు చాలా తక్కువ. చాలావరకు అవి తమ బాధ ముందే చెప్పుకుంటాయి. వినేవాళ్ళు లేక ఊరుకుంటాయి.

ఈ మాట వంటింటి సామానుకే కాదు, రోడ్డు మీద తిరిగే పాత వ్యాన్లకీ వర్తిస్తుంది. వ్యానులో ఎక్కువ మాట్లాడేదీ, మనకి తక్కువగా అర్థమయ్యేదీ గేరుబాక్సు. "గేరుబాక్సు గొడవ మనకెందుకమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. మోటారుబండిని దారిలో ఆపుకుని బాగుచేసుకున్నవాళ్ళలో చరిత్ర మొదట చెప్పుకునే పేరు ఒక ఇల్లాలిది. కొండ ఎక్కడానికి బండికి ఇంకో గేరు కావాలని చెప్పింది కూడా ఆవిడే.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో మోటారుబండికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన కర్మాగారం నిలబడడానికి మొదట్లో ఆదుకున్నది బెర్తా పుట్టింటివారిచ్చిన కట్నం డబ్బే. బండి తయారైంది గాని కొనేవాడు లేడు. ఆయనకేమో బండిని ఊరు దాటించే ధైర్యం లేదు. ఇలా అయితే లాభం లేదనుకుని 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్త నిద్ర లేవకముందే, పదిహేనేళ్ళ కొడుకునీ పదమూడేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని బెర్తా ఆ బండి తీసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ప్రయాణం. సుమారు 106 కిలోమీటర్లు. అంటే మన ఎల్బీనగర్‌లో బయలుదేరి నకిరేకల్ దాకా వెళ్ళినట్టు.

దారిలో ఆ బండి పెట్టని తిప్పలు లేవు. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే తన టోపీకి పెట్టుకున్న సూది తీసి పొడిచి శుభ్రం చేసింది. తీగ ఒకటి ఒరుసుకుపోతే మేజోడు కట్టుకునే పట్టీని దానికి చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసింది. పెట్రోలు బంకుల చరిత్ర ఆ మందుల షాపుతోనే మొదలైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొలుసు సాగితే కమ్మరి చేత సరిచేయించింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకుకి తొడుగు వేయడం అక్కడే మొదలు. మెట్ట దారుల్లో మాత్రం ఏ ఉపాయమూ పనిచెయ్యలేదు. దిగి తొయ్యాల్సి వచ్చింది. సాయంత్రానికి పుట్టిల్లు చేరి భర్తకి తంతి ఇచ్చింది. తిరిగి వచ్చాక చెప్పింది: దీనికి కొండ ఎక్కే గేరు ఇంకొకటి ఉండాలి. ఆయన ఆ మాట విన్నాడు, ఏర్పాటు చేశాడు. వినడం కూడా గొప్ప గుణమేనండి. ఆయన విన్నాడు కాబట్టే ఈ కథ మనదాకా వచ్చింది.

గేరంటే ఏమిటో తెలుసుకోవడానికి మోటారు షెడ్డుకి వెళ్ళనక్కరలేదు. మన కుట్టుమిషను చాలు. కింద కాలితో తొక్కే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి పైన చిన్న చక్రం ఎన్నో చుట్లు తిరుగుతుంది. వేగం వస్తుంది, బలం తగ్గుతుంది. దీన్ని తిరగేసి, చిన్న చక్రం చేత పెద్ద చక్రాన్ని తిప్పించామనుకోండి. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. నిలబడి ఉన్న బండిని కదిలించడానికి, మెట్ట ఎక్కించడానికి కావలసింది ఆ బలం. అది ఫస్టు గేరు. సాఫీగా పోతున్నప్పుడు కావలసింది వేగం. అది టాప్ గేరు. ఈ చిన్నా పెద్దా పళ్ళచక్రాలన్నిటినీ నూనెలో ముంచి ఒక ఇనుప డబ్బాలో బిగిస్తే అదే గేరుబాక్సు.

క్లచ్ కూడా కుట్టుమిషనులోనే ఉంది. బాబినుకి దారం చుట్టేటప్పుడు చేతిచక్రం మధ్యలో ఉన్న మరను వదులు చేస్తాం గుర్తుందా? చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, సూది మాత్రం కదలదు. మర బిగించగానే సూది మళ్ళీ పని మొదలుపెడుతుంది. వ్యానులో డ్రైవరు ఎడమకాలితో చేసే పని సరిగ్గా ఇదే. కాలు నొక్కితే ఇంజను దారి ఇంజనుది, గేరుబాక్సు దారి గేరుబాక్సుది. కాలు తీస్తే రెండూ కలిసి కాపురం.

ఈ కాపురం మొదట్లో ఏమంత అన్యోన్యంగా లేదు. 1890లలో ఫ్రాన్సులో పనార్, లెవసోర్ అనే ఇద్దరు, పళ్ళచక్రాలను పక్కకి జరిపి ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి తెచ్చారు. తిరుగుతున్న చక్రంలోకి ఇంకో చక్రాన్ని తోయడమంటే చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పద్ధతి మోటుగా ఉన్నా పని జరుగుతోందని వాళ్ళే ఒప్పుకున్నారంటారు. ఆ రోజుల డ్రైవర్లు "డబుల్ క్లచ్" కొట్టాల్సి వచ్చేది. క్లచ్ నొక్కి గేరు న్యూట్రల్‌లోకి తేవడం, కాలు తీసి ఇంజను వేగం సరిచూసుకోవడం, మళ్ళీ నొక్కి కావలసిన గేరు వేయడం. ఇదంతా రెప్పపాటులో, చెవితో వింటూ చెయ్యాలి. ఇంజను చప్పుడు ఫలానా శ్రుతికి వచ్చినప్పుడే గేరు వెన్నలా పడుతుంది. లేకపోతే బస్సులో ఉన్నవాళ్ళందరికీ పళ్ళు జివ్వుమంటాయి.

1928లో అమెరికాలో కాడిలాక్ కారుకి సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు దానికి కర్త. పేరు చూసి భయపడకండి. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ఏం చేస్తాడు? నిలబడి చెయ్యి చాచడు, చాస్తే పడతాడు. బస్సుతోపాటు నాలుగడుగులు పరుగెత్తి, దాని వేగం తనకి వచ్చాక కడ్డీ పట్టుకుంటాడు. రెండు చక్రాలనూ అలా ముందు ఒక వేగానికి తెచ్చి తరువాత కలపడమే ఈ సింక్రోమెష్. ఈ పనికి వాడే రింగులు సాధారణంగా ఇత్తడివి. అవి అరిగిన రోజున గేరు మళ్ళీ పాత మోటు చప్పుడే చేస్తుంది. చాలా పాత బళ్ళలో ఫస్టు గేరుకి ఈ సౌకర్యమే ఉండేది కాదు. బండి పూర్తిగా ఆగితేనే అది పడేది.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. నిజాం స్టేటు రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. బస్సులు స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్లు. మన ఆర్టీసీకి తాతగారిలాంటి సంస్థ అది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1928లో, అమెరికా జనరల్ మోటార్స్ కంపెనీ బొంబాయి శివ్డీలో షెవర్లే బళ్ళు బిగించడం మొదలుపెట్టింది. ఆ ఇంజనూ చట్రమూ కొనుక్కుని, పైన కావలసిన డబ్బా కట్టించుకుంటే వ్యాను తయారు. ఆసుపత్రికీ సినిమాకంపెనీకీ పాలకీ పేపరుకీ అన్నిటికీ అదే.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ విడిభాగాలు బిగించే వ్యాపారానికి ప్రభుత్వం కళ్ళెం వేసింది. ఇక్కడే తయారుచెయ్యండి, లేకపోతే మానుకోండి అంది. 1954లో జనరల్ మోటార్స్ వారు బొంబాయి కర్మాగారం మూసేసి వెళ్ళిపోయారు. కంపెనీ వెళ్ళింది గాని బళ్ళు వెళ్ళలేదు కదా! కొత్తవి దొరకవు, పాతవాటికి సామాను రాదు. దిగుమతికి లైసెన్సు కావాలి. దాంతో మన దేశంలో ఒక వింత జరిగింది. ఇతర దేశాలలో పదేళ్ళకి తుక్కుకి పోయే బండి ఇక్కడ ముప్ఫయ్యేళ్ళు, నలభయ్యేళ్ళు తిరిగింది. అరిగిన పినియనుకి లేత్ దగ్గర పళ్ళు పోయించారు. దొరకని బేరింగు బదులు ఇంకో బండి బేరింగు తెచ్చి ఇనుప పట్టీ వేసి బిగించారు. చీర చిరిగితే పరికిణీ, పరికిణీ చిరిగితే దిండుగలీబు, అదీ చిరిగితే మసిగుడ్డ చేసుకున్న ఇల్లాళ్ళకి ఈ విద్య విడమరచి చెప్పక్కరలేదు.

1982లో ఎన్.టి. రామారావుగారు పార్టీ పెట్టి రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం మీలో చాలామంది కళ్ళారా చూసే ఉంటారు. అది పాత షెవర్లే వ్యానే. నడిపినవారు కుమారుడు హరికృష్ణ. రాజకీయాలు పక్కన పెట్టి బండి సంగతే చూడండి. బొంబాయి కర్మాగారం మూతబడి ఇరవై ఎనిమిదేళ్ళు. అయినా ఆ జాతి బండి ఎండలో, దుమ్ములో, అడుగడుగునా ఆగే జనంలో ఊరూరా తిరిగింది. ఆగుతూ, కదులుతూ, ఫస్టు గేరులోనూ సెకండు గేరులోనూ పాకుతూ పోవడం కన్నా గేరుబాక్సుకీ క్లచ్‌కీ కఠినమైన పరీక్ష లేదు. ఆ పరీక్ష నెగ్గించడానికి వెనక ఎవరో చేతులు ఉండే ఉంటాయి. ఆ చేతుల పేర్లు మాత్రం మనం ఎప్పుడూ అడగలేదు.

తరువాత వ్యాన్లు పెరిగాయి. ఫిరోదియాల బజాజ్ టెంపో కంపెనీ జర్మనీ నమూనాతో చేసిన మెటాడోర్ ఎంతగా ఊళ్ళు పట్టేసిందంటే, వనస్పతికల్లా డాల్డా అన్నట్టు, వ్యానుకల్లా మెటాడోర్ అనే పేరు స్థిరపడిపోయింది. 1980లలో నాలుగు కంపెనీలు జపానువారితో జతకట్టాయి. డీసీఎం టయోటాతో, స్వరాజ్ మాజ్డాతో, ఐషర్ మిత్సుబిషితో, మన ఆల్విన్ నిస్సాన్‌తో. అవునండీ, మన ఇళ్ళలో ఫ్రిజ్‌గా, చేతికి గడియారంగా ఉన్న ఆ హైదరాబాదు ఆల్విన్నే! 1942లో పుట్టి, బస్సుల డబ్బాలు కట్టిన ఆ సంస్థ జహీరాబాదులో తేలికపాటి సరుకుల బళ్ళు తయారుచేయించింది. కొన్నాళ్ళకి అది మహీంద్రావారి చేతికి వెళ్ళింది. 1984లో మారుతీ వ్యాను వచ్చింది. 1988లో దానికే ఓమ్ని అని పేరు మార్చారు. 2019లో ఆపేసేదాకా మన పిల్లలని బడికి మోసింది అదే. దాని ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. డ్రైవరు పక్కన కూర్చున్న తల్లులకి ఆ వెచ్చదనం గుర్తుండే ఉంటుంది.

ఆల్విన్ బళ్ళు పుట్టిన జహీరాబాదుని హైదరాబాదుతో కలిపే రోడ్డే ఊరు దాటి విజయవాడ మీదుగా బందరు వెళుతుంది. ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దాటితే పెద్ద అంబర్‌పేట్. ఇప్పుడక్కడ ఔటర్ రింగురోడ్డు దిగే చోటు. అప్పట్లో పొలాలూ, లారీలు ఆగే హోటళ్ళూ, రేకుల షెడ్లూ. విజయవాడ చివర జవహర్ ఆటోనగర్, హైదరాబాదు చివర వనస్థలిపురం పక్కన ఇంకో ఆటోనగర్. మధ్యలో సుమారు 270 కిలోమీటర్ల రోడ్డు. నగరం దాటిన ముసలి బండికి ఏ జబ్బు ఉన్నా, లోడుతో టాప్ గేరు పడే ఆ మొదటి పది పదిహేను కిలోమీటర్లలోనే బయటపడుతుంది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర అన్ని షెడ్లు ఎందుకు వెలిశాయో ఆ లెక్కే చెబుతుంది.

మా చిన్న మరిదికి ఒక పాత వ్యాను ఉండేది. ఏ కంపెనీదో చెప్పను. ముసలితనానికి కంపెనీవాళ్ళేం చేస్తారు? పెళ్ళిళ్ళకి వంటసామాను అద్దెకిచ్చి దాంట్లోనే చేరవేసేవాడు. అప్పు తెచ్చి కొన్నది. ఇద్దరు ఆడపిల్లల ఫీజులు ఆ నాలుగు చక్రాల మీదే నడిచేవి. 1989లో మాఘమాసం. సూర్యాపేటలో దగ్గరివాళ్ళ పెళ్ళి. గుండిగలూ గంగాళాలూ వెనక వేసుకుని, మమ్మల్ని కూడా ఎక్కించుకుని రాత్రి ఎనిమిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరాడు. ముందు సీటులో మా అత్తగారు.

ఎల్బీనగర్ దాటగానే ఆవిడ, "ఒరే, ఇది మూలుగుతోందిరా" అన్నారు.

"రోడ్డు చప్పుడమ్మా" అన్నాడు మరిది.

హయత్‌నగర్‌లో ఎద్దులబండి అడ్డమొచ్చి ఆగాం. "రోడ్డు చప్పుడైతే ఆగినప్పుడు ఎందుకు మూలగాలి? నువ్వు ఎడమకాలు నొక్కితే ఊరుకుంటోంది, తీస్తే ఏడుస్తోంది" అన్నారావిడ. మరిది నవ్వేశాడు. పెద్ద అంబర్‌పేట్ వచ్చేసరికి మూలుగు కాస్తా వెనక ఉన్న నాకూ వినపడింది. ఒక షెడ్డు ముందు ఆపక తప్పలేదు.

ఉస్తాద్‌గారికి అరవయ్యేళ్ళుంటాయి. తలకి రుమాలు, చేతిలో బీడీ. ఏమైందని అడిగితే మరిది, "పికప్ లేదు, ప్లగ్గులేమో చూడండి" అన్నాడు. మా అత్తగారు ఊరుకోకుండా తన మాట తను చెప్పేశారు. ఉస్తాద్ బీడీ పారేశారు.

"ఏమన్నవ్ పెద్దమ్మా? కాల్ నొక్కితే బంద్ అయితున్నదా?"

"అవును నాయనా. తీస్తే మళ్ళీ మొదలు."

"అంటే ప్లగ్గులు గావు, క్లచ్ గూడ గాదు. నొక్కినప్పుడు సప్పుడైతే క్లచ్ బేరింగు. వదిలినప్పుడు సప్పుడైతే డబ్బా లోపలి బేరింగు. సగం పని నువ్వే జేసినవ్!"

కాళ్ళ దగ్గరి రేకు విప్పి, ఇంజను తిరుగుతుండగానే పొడుగాటి పేచ్‌కస్ కొనని గేరుబాక్సు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నారు. తరువాత దాన్ని మా అత్తగారికే ఇచ్చారు. ఆవిడ కొంగు సర్దుకుని, వంగి, డాక్టరమ్మలా విని, "రోట్లో ఇసక పడ్డట్టుంది" అన్నారు. "అదే, గదే!" అన్నారు ఉస్తాద్. పక్కనున్న మరను తీసి వేలు పెడితే ఆయిలు అందలేదు. ఇంకా లోపలికి పెడితే వేలికి నల్లటి ఆయిలు, అందులో వెండి పొడిలా మెరుపు. సీలు పోయి ఆయిలు కారిపోయింది. ఎండిన బేరింగు అరిగి పొడి అవుతోంది.

"ఇయ్యాల ఆపితే ఒక్క బేరింగు. సూర్యాపేట దాకా కొడితే డబ్బా మొత్తం" అన్నారు.

మరిది ముఖం చూడాలి. డబ్బా మొత్తమంటే ఆ యేడు పిల్లల ఫీజులు. ఆపితే తెల్లవారేసరికి అక్కడ వంటకి గుండిగలు ఉండవు. పెళ్ళివారికి మాటిచ్చాడు. రెండు నిమిషాలు రోడ్డు మీద పచార్లు చేశాడు. చివరికి విజయవాడ వైపు ఖాళీగా వెళ్ళే లారీని ఉస్తాదే ఆపి, డ్రైవరుతో మాట్లాడి, సామానంతా అందులోకి ఎక్కించారు. మేం బస్సులో వెళ్ళాం. వంట వేళకే మొదలైంది. మూడో రోజుకి ఆటోనగర్ నుంచి తెచ్చిన బేరింగుతో, కొత్త సీలుతో వ్యాను ఇంటికొచ్చింది. ఇంకా ఆరేళ్ళు తిరిగింది. పెద్దపిల్ల డిగ్రీ అయిపోయిందాకా.

ఆ తరువాత నుంచి మా ఇంట్లో ఉస్తాద్‌గారి మాటలు కొన్ని సామెతల్లా నిలిచిపోయాయి. అవి మీకూ పనికొస్తాయి.

ఇంజను గట్టిగా అరుస్తున్నా బండి వేగం పెరగకపోతే, మాడిన వాసన కూడా వస్తే, క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. ఆగి ఉన్నప్పుడు ఫస్టు గేరో రివర్సో వేస్తుంటే గరగరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. అది చాలాసార్లు తీగ బిగింపుతోనే సరిపోతుంది, డబ్బా విప్పించుకోకండి. పోతూ పోతూ గేరు తనంతట తనే జారిపోతుంటే లోపలి పళ్ళో, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగో అరిగింది. గేరు రాడ్డుని చేత్తో అదిమి పట్టుకుని నడిపే డ్రైవర్లను మీరు చూసే ఉంటారు. వాళ్ళు చేతినొప్పి పడుతున్నారే గాని జబ్బు కుదర్చడం లేదు. కదిలేటప్పుడు కింద 'ఠక్' మని కొడితే పొడుగు షాఫ్టు చివర ఉండే క్రాసు బేరింగు చూడాలి. వేగంలో వెనకనుంచి ఊళపెడితే వెనక ఇరుసులోని క్రౌను, పినియను.

ఇంకొకటి ఆడవాళ్ళకి మాత్రమే దొరికే సాక్ష్యం. పొద్దున్నే వాకిలి చిమ్మేది మనమే కదా. రాత్రి వ్యాను నిలబెట్టిన చోట మరక చూడండి. నల్లగా పలచగా ఉంటే ఇంజను ఆయిలు. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటే గేరు ఆయిలు. చక్రం పక్కన పలచగా జారుడుగా ఉంటే బ్రేకు ఆయిలు. ఆ రోజు బండి కదపనివ్వకండి. ఇంజను ఆయిలు మూత కింద మజ్జిగలా తెల్లగా పేరుకుని, రేడియేటరులో నీళ్ళు కూడా తగ్గుతుంటే రెండూ లోపల కలుస్తున్నాయేమో చూపించాలి. మే నెల ఎండలో పాత పెట్రోలు వ్యాను ఆగిపోయి ఎంతకీ స్టార్టు కాకపోతే తొందరపడకండి. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై దారి మూసుకుపోయి ఉండవచ్చు. నీడన ఆపి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, కాసేపు ఆగితే చాలు.

అన్నిటికన్నా పెద్ద సూత్రం ఒకటుంది. ముందు పైపైన చూడు, తరువాత విప్పు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చి విను. పులుసు రుచి తప్పితే ఉప్పూ, చింతపండూ, బెల్లమూ అన్నీ ఒకేసారి వేస్తామా? వేస్తే ఏది తక్కువైందో ఎప్పటికీ తెలియదు.

ఈ విద్య ఏ పుస్తకంలోనూ నేర్చుకున్నది కాదు. ఉస్తాద్ తన ఉస్తాద్ దగ్గర విన్నాడు. ఆయన షెడ్డులో పానాలు అందించే కుర్రాడు ఈయన దగ్గర వింటాడు. చెవి నుంచి చెవికి వచ్చిన చదువు. అమ్మమ్మ చేతి ఆవకాయ లెక్కలాగే, అడిగి రాసుకోకపోతే మనిషితోపాటే పోతుంది. పోయే రోజులూ వచ్చేశాయి. 2021లో కేంద్రప్రభుత్వం పాత బళ్ళని తుక్కుకి పంపే విధానం తెచ్చింది. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి. దాన్ని కాదనడానికి లేదు. కరెంటుతో నడిచే వ్యాన్లు వస్తున్నాయి. సాధారణంగా వాటిలో డ్రైవరు గేర్లు మార్చే పనే లేదు. క్లచ్ లేదు. బెర్తా బెంజ్ కోరిన కొండగేరు అవసరం కూడా తీరిపోయింది. కొత్త బళ్ళకి ఏదైనా జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించి, తెర మీద పడిన అంకె చదువుతారు.

మంచిదే. ఆ అంకె ఏ భాగం దగ్గర తేడా వచ్చిందో చూపిస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో, ఎప్పటినుంచో, ఏం చేస్తే ఎక్కువవుతోందో, ఏం చేస్తే తగ్గుతోందో చెప్పడానికి మాత్రం ఇప్పటికీ బండిలో కూర్చున్న మనిషే కావాలి. బెర్తా ప్రయాణం చరిత్రలోకి ఎక్కింది. షెవర్లేలని నలభయ్యేళ్ళు బతికించిన మన మేస్త్రీల చరిత్ర ఎక్కడా ఎక్కలేదు. మీ వీధి చివర షెడ్డులో తల నెరిసిన ఉస్తాద్ ఎవరైనా ఉంటే, ఈసారి స్కూటరు ఇచ్చేటప్పుడు ఓ పది నిమిషాలు నిలబడి అడగండి. ఏ చప్పుడుకి ఏ జబ్బో చెబుతారు. పాలవాడి పద్దు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ ఖాళీగానే ఉంటుంది. రాసి పెట్టుకోండి.